పిన్నిగారు అతికించిన సీసా కాగితాలు

పిన్నిగారు పోయారని మంగళవారం మూడో పీరియడ్‌లో తెలిసింది. ఎనిమిదో తరగతికి బీజగణితం చెబుతున్నాను. సైలెంట్‌లో పెట్టిన ఫోను బల్ల మీద అదేపనిగా అదురుతుంటే తీశాను. తెనాలి నుంచి వాళ్ళమ్మాయి. "అమ్మ పోయిందక్కా. టిఫిన్ చేసి చెయ్యి కడుక్కుంటానని లేచింది. అంతే" అంది.

నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వచ్చింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఆ మాట దాచిపెడితే ఇదంతా రాయడం దండగ. ఎవరైనా ఏమైనా చేశారా అని అడగబోయి నోరు మూసుకున్నాను. గుండె ఆగిందని డాక్టర్లు చెప్పారట. ఆమెకి ముందు నుంచీ గుండెజబ్బు ఉంది. అనుమానించాల్సిందేమీ లేదు. అయినా ఆ మధ్యాహ్నం తెనాలి రైల్లో, ఎక్కే ప్రతి మనిషి మొహమూ పట్టిపట్టి చూస్తూ వెళ్ళాను. ఎందుకలా చూశానో మీకు తెలియాలంటే ఒక కుక్కపిల్ల సంగతి చెప్పాలి.

పిన్నిగారు నాకు రక్తసంబంధం కాదు. రేపల్లెలో మా పక్కింటావిడ. భర్త పశువుల ఆసుపత్రిలో పనిచేస్తూ పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. అప్పటికి ఆమె చదువు ఐదో తరగతి. అటెండరుగా చేరి, సిరంజీలు ఉడకబెట్టడం దగ్గర్నుంచి, గేదె ఈనలేక అవస్థ పడుతుంటే డాక్టరుగారి పక్కన మోకాళ్ళ మీద కూర్చోవడం దాకా అన్నీ చేసి, అటెండరుగానే రిటైరయ్యారు. మా వీధిలో కోడి తూలినా మేక కుంటినా ముందు ఆమె గుమ్మంలోకే తెచ్చేవాళ్ళు. "నేను డాక్టర్ని కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అని కసురుతూనే కళ్ళజోడు పెట్టుకునేవారు.

ఆమెకో అలవాటుండేది. టీకా వేయగానే సీసా మీద కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి, చిరగకుండా ఊడదీసి, పొడుగు నోటుబుక్కులో అతికించేవారు. పక్కన ఎవరి కోళ్ళకి వేశారో రాసుకునేవారు. ఉద్యోగంలో నేర్చుకున్న పని అది. రిటైరయ్యాక ఎవరడిగారని? అయినా మానలేదు. ఏటా కొక్కెర తెగులు మందు తెచ్చి వీధిలో కోళ్ళన్నిటికీ ముక్కులో చుక్క వేసేవారు. ఆ మందు చల్లగా ఉండాలి కాబట్టి మా ఫ్రిజ్‌లో, కొత్తిమీర కట్టకీ ఇడ్లీ పిండికీ మధ్య పెట్టేవారు. నేను సణిగితే, "కోడిని తినే ఇంట్లో కోడి మందుంటే తప్పేంటి?" అనేవారు. కాగితాల గురించి అడిగితే మాత్రం నవ్వేవారు కాదు. "వేశామని నోటితో అంటే ఎవరు నమ్ముతారమ్మాయ్? అతికించి చూపించాలి" అనేవారు.

ఇక నా సంగతి. నాకు కుక్కలంటే చచ్చేంత భయం. ఏడేళ్ళప్పుడు బాపట్లలో మా అమ్మమ్మగారి వీధిలో ఒకటి పిక్క పట్టుకుంది. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పొడిచేవారు. ఆ సూదులు ఈ రోజుకీ నాకు కల్లోకి వస్తాయి. కుక్క కనిపిస్తే పక్క సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళే మనిషిని. పిన్నిగారు నన్ను ఆటపట్టించేవారు. "అది మొరిగితే నువ్వు గేటు దభీమని వేస్తావు, ఆ చప్పుడికి అది హడలిపోతుంది. ఇద్దరికి ఇద్దరే" అనేవారు.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం ఇద్దరం తెనాలి వెళ్ళి మధ్యాహ్నం రైల్లో తిరిగొచ్చాం. రేపల్లె చివరి స్టేషను, అందరూ దిగిపోయారు. ఎదుటి సీటు కింద తెల్లటి థర్మాకోల్ పెట్టె ఉంది. రొయ్యలు ఐసులో పెట్టి పంపే పెట్టె, చుట్టూ టేపు వేసి ఉంది. లోపల ఏదో గీరుతోంది. పీతలేమో అన్నాను. గీరడం ఆగి సన్నటి మూలుగు వినపడింది. "ముట్టుకోకండి పిన్నిగారూ, బాంబులుంటాయంటారు" అన్నాను.

"బాంబు మూలుగుతుందా?" అని ఆమె తల్లోంచి పిన్ను తీసి టేపు చింపారు.

కుక్కపిల్ల అని కంటికంటే ముందు ముక్కుకి తెలిసింది. గోధుమరంగు లాబ్రడార్ పిల్ల. అరచేయంత వీపు మీద వెంట్రుకే లేదు, అంతా గజ్జి. చెవుల నిండా రక్తం తాగి ఉబ్బిన గోమార్లు. కళ్ళు పుసితో అంటుకుపోయాయి. పెట్టెకి ఒక్క బెజ్జం కూడా పెట్టలేదు. దాని కింద ప్లాస్టిక్ కవరులో ఒక కార్డుంది. జాతి పేరు, పుట్టిన తేదీ, రెండు టీకాలు వేసినట్టు రెండు కాగితాలు, అమ్మినవాడి ఫోను నంబరు. ఎవరో కొనుక్కుని, జబ్బు చేసేసరికి వదిలించుకున్నారు. పిన్నిగారు కార్డు బొడ్లో దోపుకుని, "దీన్ని కాస్త పట్టుకో, సంచి తీసుకుంటాను" అంటూ నా చేతుల్లో పెట్టేశారు. కాదనే వ్యవధి కూడా ఇవ్వలేదు.

అది నా వేలు కొరికింది. పాలపన్ను దిగి సూదిమొనంత రక్తం వచ్చింది. నా కళ్ళు తిరిగాయి. పిన్నిగారు నన్ను స్టేషను కొళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, సంచిలోంచి కొత్త బట్టలసబ్బు తీసి, చెయ్యి పాలిపోయేదాకా కడిగించారు. "చిన్నపిల్లే కదా అని ఊరుకోకూడదు. ముందు నీకు సూది. దాని సంగతి తర్వాత" అని నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఇప్పుడు సూదులు చేతికేనట. నాకు తెలియదు. నర్సు వచ్చేదాకా పొట్ట మీద చీర బిగించి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాటికి పిల్లకి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు చూసి పార్వో అన్నారు, టీకా పడని కుక్కపిల్లలకి వచ్చే జబ్బట, బతకడం కష్టమన్నారు. పిన్నిగారి వరండాలో గోనెపట్టా మీద సెలైన్ ఎక్కుతుంటే నేను మా కిటికీలోంచి చూసేదాన్ని. దగ్గరికి వెళ్ళాలంటే భయం, వెళ్ళకపోతే చచ్చిపోతుందేమోనని ఇంకో భయం. పొద్దున లేవగానే ముందు దాని పొట్ట కదులుతోందా లేదా చూడటం, తర్వాతే కాఫీ. పేరేం పెడదామని ఒకసారి అడిగాను. "బతకనీ. పేరు పెట్టాక పోతే ఇంకా కష్టం" అన్నారు. అంత ధైర్యంగా కనిపించే మనిషికీ లోపల బెదురుంటుందని అప్పుడే తెలిసింది. రెండు రోజులకి నన్ను పిలిచి చెంచా చేతికిచ్చారు. నా చెయ్యి వణికి గ్లూకోజు నీళ్ళన్నీ పిల్ల మొహం మీద పడ్డాయి. "భయపడితే పడు. చెయ్యి మాత్రం ఆపకు" అన్నారు. ఆ వారం చివర అది లేచి నిలబడి, నాలుగడుగులేసి, నా చెప్పుల మీద ఉచ్చ పోసింది. పిన్నిగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పేరు మాత్రం ఈ రోజుకీ పెట్టలేదు, పిల్ల పిల్లగానే ఉండిపోయింది.

అది కోలుకున్నాకే ఆమె కార్డు తీసి తీరిగ్గా చూశారు. చూస్తూ చూస్తూ లోపలికెళ్ళి పొడుగు నోటుబుక్కు తెచ్చి నా ముందు పరిచారు. ఆమెకి ఇంగ్లీషు రాదు. "కార్డు మీద కాగితం, ఈ పేజీలో కాగితం, రెండూ చదివి చెప్పు" అన్నారు. చదివాను. అక్షరం పొల్లుపోకుండా ఒకటే మందు. కోళ్ళకి ముక్కులో వేసే కొక్కెర తెగులు చుక్కల మందు!

"అనుకున్నా. ఇన్నేళ్ళు ఐస్‌బాక్సులో మోసిన సీసా, నాకు తెలీదా? కొనేవాళ్ళు కాగితం ఉందా లేదా చూస్తారు గానీ చదవరని వాడి ధీమా" అన్నారు. ఆమె గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి. ఇది భయం కాదు, కోపం. "ఇట్టాంటి కార్డులు ఎన్నిళ్ళలో ఉన్నాయో. టీకా వేశారులే అని పసివాళ్ళు ఆ పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకుంటారమ్మాయ్."

నంబరుకి ఫోను చేస్తే కుక్కలు బాపట్ల అవతల ఉన్నాయన్నాడు. రెండో శనివారం బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి సముద్రం వైపు ఆటోలో వెళ్ళాం. మూతపడిన రొయ్యపిల్లల హేచరీ అది. ఆమె దారిలోనే నాకు చెప్పారు, కొనేవాళ్ళలా ఉండాలి, మాట్లాడేది తనేనని. గేటు తీసినవాడు నేను అనుకున్నట్టు మీసాలూ గొలుసులూ ఉన్న మనిషి కాదు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు. "రండమ్మా, ఎండన పడొచ్చారు" అని కుర్చీలు వేసి కొబ్బరిబొండాలు కొట్టించాడు. బుట్టలో మూడు పిల్లల్ని తెచ్చి చూపించాడు. స్నానం చేయించి పౌడరు అద్దినట్టున్నారు, ఘుమఘుమలాడుతున్నాయి.

"తల్లిని చూపించు బాబూ" అన్నారు పిన్నిగారు.

"తల్లి మా అక్కగారింట్లో ఉందండి. చాలా మంచి బ్లడ్డండి."

పిన్నిగారు బొండం నీళ్ళు కావాలనే చీర మీద ఒలకబోసుకుని, కడుక్కొస్తానని షెడ్డు వెనక్కి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను, అతని ఎదురుగా ఒక్కదాన్నే కూర్చునే ధైర్యం లేక. వెనక రొయ్యపిల్లల్ని పెంచే సిమెంటు తొట్లు వరసగా ఉన్నాయి. పైన వల కట్టారు. ఒక్కో తొట్లో ఒక్కో తల్లికుక్క. అడుగున పాకుడు, పొట్టలు నేలకి వేలాడుతున్నాయి, గోళ్ళు నడక లేక పెరిగి మెలికలు తిరిగాయి. ఒక్కటీ మొరగలేదు. కుక్క మొరగకపోతే ఇంత భయమేస్తుందని నాకు తెలియదు.

వెనక్కి తిరిగేసరికి అతను అక్కడే నిలబడి ఉన్నాడు. నవ్వు చెరగలేదు. "మేడమ్ గారు ఏం చేస్తుంటారండి?" అని నన్నడిగాడు. టీచర్నని చెప్పేశాను. ఏ స్కూలంటే అదీ చెప్పేశాను. భయమేస్తే నా నోట నిజాలే వస్తాయి.

"రైసుమిల్లు వెనక స్కూలేనా అండి? అయితే రోజూ మిల్లు సందులోంచే నడిచెళ్తారన్నమాట. జాగ్రత్తండి. ఆ సందులో కుక్కలెక్కువ" అన్నాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఆమె బతికుండగా ఎవరికీ చెప్పలేదు. బాపట్లలో పశుసంవర్ధక శాఖ పెద్ద ఆఫీసుకి అర్జీ రాసింది నేనే. లైసెన్సు లేకుండా కుక్కల్ని ఈనించి అమ్ముతున్నాడని, కోళ్ళ మందు కాగితాలు అతికించి టీకాలు వేసినట్టు చూపిస్తున్నాడని, పెట్టె ఎక్కడ దొరికిందో, తొట్లలో ఏం చూశామో అంతా వివరంగా రాశాను. కింద రెండు సంతకాలకి చోటు వదిలాను. ఆమె నిదానంగా తన పేరు రాసి పెన్ను నాకిచ్చారు. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. "నా వల్ల కాదండి పిన్నిగారూ" అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. "నీకు ఉద్యోగం ఉంది, ఆ సందులో నడవాలి. నాకేంటి, ఇంట్లోనే ఉంటాగా" అని నా పేరున్న చోట అడ్డంగా గీత కొట్టేశారు. ఆ గీత నా కళ్ళముందే కొట్టారు.

అర్జీ వెళ్ళిన వారానికి మిల్లు సందు మొదట్లో ఒక నల్ల బండి, దాని మీద హెల్మెట్ తీయని మనిషి కనిపించాడు. మూడు రోజులు వరసగా. బియ్యం కోసం వచ్చినవాడో ఏమో, నాకిప్పటికీ తెలియదు. నేను మాత్రం చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా స్కూలుకి వెళ్ళి, ఆలస్యమైనందుకు ప్రిన్సిపాల్ చేత చీవాట్లు తిన్నాను. పిన్నిగారికి ఫోన్లు కూడా వచ్చాయట. నేను అడిగితే గానీ చెప్పలేదు. "నీకెందుకే ముసలిదానా అంటాడు. నాక్కాకపోతే ఎవరికిరా అన్నాను. పెట్టేశాడు" అన్నారు, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ. ఆమె గుమ్మానికి మాత్రం కొత్త గడియ పడింది. తలుపు పక్కన రోకలి వచ్చి చేరింది. నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. ఆ తర్వాత ఒంట్లో నలతగా ఉందని, వారం రోజులు ఉండి వస్తానని కూతురి దగ్గరికి తెనాలి వెళ్ళారు. వెళ్తూ పిల్లని తాడుతో సహా, కార్డునీ నోటుబుక్కునీ నాకప్పగించారు. తిరిగి రాలేదు.

పెద్దకర్మ అయిన మూడో రోజు పోస్ట్‌మాన్ ఆమె పేరుతో ఉత్తరం తెచ్చి, ఇల్లు తాళం వేసి ఉందని నాకిచ్చాడు. బాపట్ల ఆఫీసు నుంచి. శుక్రవారం తనిఖీకి వెళ్తున్నామని, అర్జీదారు అసలు కార్డుతో, నోటుబుక్కుతో హాజరు కావాలని ఉంది. వాళ్ళమ్మాయికి ఫోను చేశాను. "ఆ పుస్తకం నీ దగ్గరే ఉందిగా అక్కా. నాకేమీ తెలీదు. నువ్వెళ్తే వెళ్ళు, భయమేస్తే మానెయ్. అమ్మ ఏమీ అనుకోదు" అంది.

అమ్మ ఏమీ అనుకోదు. నిజమే, అప్పుడూ అనుకోలేదు. అదే నన్ను తినేసింది. రెండు రోజులు అన్నం సయించలేదు. పిల్ల వచ్చి నా పాదాల మీద తల పెట్టుకుంటే, దాన్ని చూసి కూడా ఉలిక్కిపడ్డాను. గురువారం సాయంత్రం నా వాంగ్మూలం నేను రాసుకున్నాను. కింద సంతకం చేశాను. వంకరగా వచ్చింది, అయినా నాదే.

శుక్రవారం ఉదయం ఆ షెడ్డు దగ్గర డాక్టరుగారు, ఇద్దరు పోలీసులు, తెనాలి నుంచి కుక్కల్ని ఆదుకునే కుర్రాళ్ళు నలుగురు ఉన్నారు. అతనూ ఉన్నాడు. "అరె, మేడమ్ గారూ! ఆ పెద్దావిడ పోయారటగా, పాపం" అన్నాడు. నోటుబుక్కు తెరిచి ఆమె అతికించిన కాగితం పక్కన కార్డు పెట్టాను. నా వేలు ఎంత వణికినా అక్కడే ఉంచాను. డాక్టరుగారు అటూ ఇటూ రెండుసార్లు చదివారు. తర్వాత అతనింటి బీరువాలో దొరికిన కార్డుల కట్ట తెప్పించి ఒక్కొక్కటే తిప్పారు. అన్నిటి మీదా అదే కాగితం.

"మరి కోళ్ళేవండి, మీ దగ్గర?" అని అడిగారు.

అతని దగ్గర లైసెన్సు లేదు, రికార్డు లేదు. కేసు రాశారు. అది ఎంత దూరం వెళ్తుందో, నేను ఎన్నిసార్లు సాక్ష్యానికి వెళ్ళాలో తెలియదు. మళ్ళీ మిల్లు సందులోంచే స్కూలుకి వెళ్తున్నాను. వెనక బండి చప్పుడైతే ఇప్పటికీ గోడకి అంటుకుంటాను. పిన్నిగారి ధైర్యం నాకొచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. ఆమెకి నేను బాకీపడ్డ సంతకం ఒకటుంది, అది ఆలస్యంగా చేశాను. చూడటానికి ఆమె లేరు. క్షమించండి పిన్నిగారూ.

ఆ రోజు తల్లికుక్కల్ని ఒక్కొక్కదాన్ని గోనెపట్టాలో ఎత్తి తొట్లలోంచి బయటికి దించారు. చేతులు చాలక ఒక కుర్రాడు, "అమ్మా, దీని తాడు కాస్త పట్టుకోండి" అని నా చేతిలో పెట్టి పరుగెత్తాడు. పెద్ద కుక్క. మెడ దగ్గర వెంట్రుకలు రాలిపోయాయి. గోనెపట్టా మీద నిలబడి వణుకుతోంది. చుట్టూ ఇసుక. తాడు వదులుగానే ఉంది, అయినా అది పట్టా దాటలేదు. నేనూ ఉన్నచోటే నిలబడిపోయాను. కాసేపటికి ఇసుకలో చతికిలబడ్డాను. అప్పుడది నన్ను చూసింది. ముందరి కాలొకటి ఎత్తి పట్టా అంచు దాటించి ఇసుక మీద పెట్టి, కాలినట్టు వెనక్కి లాక్కుంది. ఆ కాలిని వాసన చూసుకుంది. మళ్ళీ మెల్లగా చాపి పెట్టింది. ఇసుక కొద్దిగా దిగింది. ఈసారి తీయలేదు.